పిలకాయలకు వచ్చే మొలస్కమ్ పొక్కులు: ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్లకు ఇది అలవాటే. ఎవరో ఒకరు వచ్చి ఫోన్ ముందుకు చాపుతారు. ఫొటోలో చిన్నపిల్ల చంకో, మెడో, మోకాలి వెనక భాగమో ఉంటుంది. "అన్నా, పాపకు పులిపిర్లు లేచినాయి, ఏదైనా ట్యూబ్ ఇవ్వు" అంటారు. చాలాసార్లు అవి పులిపిర్లు కావు, మొలస్కమ్. డాక్టరు చీటీ మీద మొలస్కమ్ కంటేజియోసమ్ అని రాసేది దీన్నే. ట్యూబ్ ఇవ్వకుండా పంపిస్తే కొందరికి కోపం వస్తుంది. పక్క షాపులో అడిగి, ఏదో ఒకటి తీసుకుని పోతారు. నెల తర్వాత అదే బిడ్డను తీసుకుని మళ్లీ వస్తారు, ఈసారి పొక్కులు రెట్టింపు. నెల్లూరు, ఒంగోలు, కావలి ఎక్కడైనా అడిగే ప్రశ్నలు ఇవే కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట రాస్తున్నాను.

ముందుగా తెలియాల్సింది కొంచెమే. ఇది వైరస్ వల్ల వస్తుంది. ఎక్కువగా 1 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో కనిపిస్తుంది. చర్మం పైపొరలోనే ఉంటుంది, లోపలికి పోదు, దీనివల్ల జ్వరం రాదు. బిడ్డ ఒంట్లోని రోగనిరోధక శక్తి వైరస్‌ను గుర్తుపట్టాక పొక్కులు వాటంతట అవే పోతాయి. కాకపోతే దానికి 6 నుంచి 12 నెలలు పడుతుంది, కొందరికి 18 నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఆ మాట చెప్పగానే తల్లుల మొహంలో టెన్షన్ కనిపిస్తుంది. నిజమే, ఏడాది అంటే చిన్న మాట కాదు. కానీ వారంలో పోగొట్టాలని చేసే పనులవల్లే మచ్చలు, చీము, కాలిన గాయాలు వస్తాయి. మీ చేతిలో ఉన్న పని పొక్కుల్ని పీకేయడం కాదు. అవి ఇంకోచోటికి, ఇంకో బిడ్డకు పాకకుండా చూడటం.

కావలసినవి

- బిడ్డకు మాత్రమే వాడే రెండు తువ్వాళ్లు. ఇంట్లో మిగతావాటితో కలవకుండా రంగు వేరేగా ఉండాలి.
- నెయిల్ కట్టర్.
- రోజూ వాడే సబ్బు, వాసనలేని మాయిశ్చరైజర్. యాంటీసెప్టిక్ సబ్బు అవసరం లేదు, అది చర్మాన్ని ఇంకా ఎండగొడుతుంది.
- వాసెలిన్.
- కొద్దిగా వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్లు, లేదా గాజుగుడ్డ, పేపర్ టేప్.
- ఫోన్ కెమెరా, ఒక రూపాయి బిళ్ల, చిన్న నోటుబుక్కు. వీటి పని చివర్లో ఉంది.

1. అవి మొలస్కమేనా, చూసుకోండి

పగటి వెలుతురులో, కిటికీ పక్కన చూడండి. మొలస్కమ్ పొక్కు గుండ్రంగా, నున్నగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. ఉడికిన సగ్గుబియ్యం గింజను చర్మానికి అంటించినట్టు కనిపిస్తుంది. సైజు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి వేసి చూస్తే నడిమధ్యలో చిన్న గుంట కనపడుతుంది, అదే అసలు గుర్తు. అన్నిటికీ గుంట ఉండదు. కొత్తగా లేచిన వాటిలో అసలు కనిపించదు. గుంపులో రెండు మూడింటికి ఉన్నా చాలు.

పులిపిరి, మనం ఉలిపిరికాయ అనేది, పైన గరుకుగా ఉంటుంది, వేళ్ల మీద, మోకాళ్ల మీద ఎక్కువ. ఆటలమ్మ అయితే జ్వరంతో మొదలై, నీటి బొబ్బలు లేచి, కొద్దిరోజుల్లోనే పక్కు కడతాయి. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, రాత్రిపూట విపరీతమైన దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది. చేతుల్లో, అరికాళ్లలో, నోట్లో ఒకేసారి పొక్కులు లేచి బిడ్డ అన్నం తినలేకపోతుంటే అది వేరే వైరస్. ఎండాకాలంలో వీపంతా ఎర్రగా సన్నగా లేచేవి చెమటకాయలు, చల్లటి నీళ్లతో స్నానం చేయించి గాలి తగలనిస్తే తగ్గుతాయి.

అనుమానం తీరకపోతే మందేమీ రాయకుండా నాలుగు రోజులు ఆగి చూడండి. మొలస్కమ్ పొక్కు నాలుగు రోజుల్లో మారదు, ఎక్కడిదక్కడే అలాగే ఉంటుంది. త్వరత్వరగా మారిపోతుంటే అది ఇంకేదో. బిడ్డకు జ్వరం ఉంటే మాత్రం ఈ నాలుగు రోజులు ఆగొద్దు.

2. ఒక్కసారి డాక్టరుకు చూపించండి

రోగం ఏదో నిర్ధారణ కావడానికే. పిల్లల డాక్టరు చాలు, చూడగానే చెప్పేస్తారు, రక్తపరీక్షలు అక్కర్లేదు. చర్మ డాక్టరే కావాలంటే నెల్లూరులో పొగతోటకు పోవచ్చు. డబ్బు ఇబ్బంది అయితే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఒంగోలులో జనం ఇంకా రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ చర్మవ్యాధుల ఓపీ అని అడిగి చీటీ రాయించుకోండి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా పోవాలి.

- కనురెప్ప మీదో, రెప్ప అంచునో పొక్కు ఉండి కన్ను ఎర్రబడితే. దీనికి కంటి డాక్టరు కావాలి.
- బిడ్డకు ఏడాది నిండకపోతే.
- బిడ్డ క్యాన్సర్ మందులో, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలో వాడుతుంటే, లేదా ఏ కారణంగానైనా రోగనిరోధక శక్తి తక్కువని ఇంతకుముందే చెప్పి ఉంటే.
- పొక్కులు చాలా పెద్దవిగా, లెక్కలేనన్ని ఉంటే.
- ఒళ్లంతా ఎండిపోయి దురదపెట్టే ఎగ్జిమా ఉంటే. అలాంటి చర్మం మీద ఇవి వేగంగా పాకుతాయి, ముందు ఎగ్జిమాను అదుపులో పెట్టాలి.
- మర్మాంగాల దగ్గర ఉంటే. పిల్లల్లో ఇవి ఎక్కువగా వాళ్ల చేతులతో వాళ్లే అంటించుకున్నవే, గాభరా పడొద్దు. అయినా డాక్టరు చూడాలి. బిడ్డతో ఎవరైనా తప్పుగా ప్రవర్తించారన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా డాక్టరుకు చెప్పండి. చైల్డ్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

3. తువ్వాలు వేరు, స్నానం వేరు

ఇది తాకడం వల్ల, తడి తువ్వాలు వల్ల, ఒకే టబ్బులో ఇద్దరికీ నీళ్లు పోయడం వల్ల పాకుతుంది. అక్కకు ఉంటే తమ్ముడికి వచ్చేది ఇలాగే. పొక్కులున్న బిడ్డకు చివర్లో స్నానం చేయించండి, టబ్బు కాకుండా చెంబుతో పోయండి. ఒళ్లు తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి. ముందు పొక్కుల్లేని భాగం, చివర్లో పొక్కులున్న భాగం. తువ్వాలు రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. మన దగ్గర ఎండకేం కరువు లేదు. ఒకే దుప్పట్లో పడుకునే పిల్లలైతే కొన్నాళ్లు దుప్పట్లు వేరు చేయండి.

సున్నిపిండితో నలుగు పెట్టడం, నూనె రాసి ఒళ్లు మర్దన చేయడం పొక్కులు తగ్గేదాకా ఆపేయండి. ఇది అవ్వలకు నచ్చని మాట. కానీ నలుగు రుద్దినప్పుడు ఒక పొక్కు చిదిగితే అందులోని తెల్లటి ముద్ద చేతికి అంటుకుంటుంది, ఆ చేయి పోయిన దారంతా వైరస్‌ను పూసుకుంటూ పోతుంది. వైరస్ ఉండేది ఆ తెల్లటి ముద్దలోనే. మాయిశ్చరైజర్ రాయడం మంచిదే, కానీ పొక్కులున్న చోటు చివర్లో రాసి చేతులు కడుక్కోండి.

ఇంకో సంగతి. తలలో పొక్కులుంటే గుండు వాయిదా వేసుకోండి. తిరుమలలోనైనా పెంచలకోనలోనైనా కత్తి పొక్కు మీద పడిందంటే తలంతా పాకుతుంది. మొక్కు కొన్ని నెలలు ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు.

4. గోళ్లు, గోకుడు

గోళ్లు పొట్టిగా కత్తిరించండి. పొక్కు మామూలుగా నొప్పిపుట్టదు, దురద మాత్రం కొందరికి ఉంటుంది. ఆ దురద చుట్టూ ఉన్న చర్మం ఎండిపోవడం వల్ల, చెమట వల్ల పెరుగుతుంది. కాబట్టి సాయంత్రం ఇంకోసారి నీళ్లు పోసి, తడి ఆరీ ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. అప్పటికీ గోకుతుంటే డాక్టరును అడగండి, దురదకు సిరప్ రాస్తారు. బిడ్డను కొట్టి, తిట్టి గోకకుండా ఆపలేరు. నిద్రలో గోకుతారు.

5. కప్పి ఉంచడం, మన ఎండల్లో ఎలా

ఇంగ్లీషు వెబ్‌సైట్లలో పొక్కుల్ని ఎప్పుడూ బట్టతోనో ప్లాస్టర్‌తోనో కప్పి ఉంచమని ఉంటుంది. చలిదేశాల్లో అది బాగానే ఉంటుంది. మే నెలలో నెల్లూరులో నాలుగేళ్ల పిల్లకు ఫుల్ చేతుల చొక్కా వేస్తే చెమటకాయలు అదనంగా వస్తాయి. బడికి పోయేటప్పుడు, ఆటకు పోయేటప్పుడు కప్పండి. ఇంట్లో, రాత్రిపూట తీసేయండి. ఒంటి మీదివైతే పలచటి నూలు బనియన్ సరిపోతుంది. చేతుల మీదివైతే ప్లాస్టర్. ప్లాస్టర్ రోజూ మార్చాలి, తీసింది చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కోవాలి. ప్లాస్టర్ కింద ఎర్రగా కందితే గాజుగుడ్డ, పేపర్ టేప్‌కు మారండి.

6. బడి మాన్పించొద్దు

మొలస్కమ్ ఉందని బడి, అంగన్‌వాడీ మాన్పించాల్సిన అవసరం లేదు. అమెరికాలోని రోగనియంత్రణ కేంద్రం సీడీసీ కూడా ఇదే చెబుతుంది. నెలల తరబడి ఉండే దానికి ఎన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడతారు? టీచరమ్మకు ముందే చెప్పండి. "ఇది ఆటలమ్మ కాదు మేడమ్, డాక్టరుకు చూపించాం, పొక్కులు కప్పి పంపిస్తున్నాం" అంటే చాలు. ఇంకా ఒప్పుకోకపోతే డాక్టరు చేత రెండు ముక్కలు రాయించుకుని తీసుకుపోండి.

ఈత కూడా మానక్కర్లేదు. నీటికన్నా అక్కడ పంచుకునే తువ్వాళ్లు, ఈత పలకలతోనే ఎక్కువ భయం. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసి, సొంత తువ్వాలు ఇచ్చి పంపండి. మైపాడు, కొత్తపట్నం బీచికి పోయినా అంతే, అందరికీ కలిపి ఒకే తువ్వాలు తీసుకుపోవద్దు.

ఒళ్లు ఒళ్లు రాసుకునే ఆటలు, కుస్తీలాంటివి, పొక్కులు కప్పలేని చోట ఉంటే కొన్నాళ్లు వద్దు.

7. మందు వేయాలా, ఆగాలా

పొక్కులు కొద్దిగా ఉండి, బిడ్డకు ఇబ్బంది లేకపోతే ఆగడమే మంచిదని నా అభిప్రాయం, చాలామంది డాక్టర్లు చెప్పేదీ అదే. మరీ ఎక్కువగా పాకుతున్నా, ముఖం మీద ఉండి బిడ్డ సిగ్గుపడుతున్నా, మాటిమాటికీ చీము పడుతున్నా వైద్యం అడగండి. మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, డాక్టరు చిన్న పరికరంతో పొక్కును గీకి తీసేయడం. ముందుగా తిమ్మిరి క్రీము రాసి పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి గంటసేపు ఉంచుతారు. ఆ క్రీము ఎంత మేర, ఎంతసేపు అన్నది డాక్టరు చెప్పినంతే. చిన్నపిల్లలకు ఒంటినిండా రాస్తే ప్రమాదం. ఈ దారిలో పని త్వరగా అయిపోతుంది, కానీ బిడ్డ భయపడుతుంది. కొన్ని వారాలకు కొత్తవి లేస్తే మళ్లీ పోవాలి.

రెండోది, అతిచల్లటి ద్రవ నైట్రోజన్‌తో పొక్కును గడ్డకట్టించడం. నొప్పి ఉంటుంది, చామనఛాయ ఒంటి మీద తెల్ల మచ్చ కొన్నాళ్లు మిగలొచ్చు. చిన్నపిల్లలకు నేనైతే దీన్ని ముందు ఎంచుకోను.

మూడోది ఇంట్లో రాసుకునేది. మన దగ్గర డాక్టర్లు తరచుగా పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం రాస్తారు, 5 లేదా 10 శాతం. ఇది క్షారం, ఒంటిని కాల్చగలదు. చీటీ లేకుండా కొనొద్దు. చీటీ ఉంటే ఇలా రాయండి.

అ) బిడ్డ నిద్రపోయాక రాస్తే సులువు. చర్మం పొడిగా ఉండాలి.
ఆ) పొక్కు చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాసెలిన్ రాయండి, పొక్కు మీద మాత్రం వద్దు.
ఇ) టూత్‌పిక్ కొనకు పిసరంత దూది చుట్టి, మందులో ముంచి, సీసా అంచుకు ఒత్తి అదనపు చుక్క వదిలించండి. పొక్కు నడినెత్తిన మాత్రమే తాకించండి. కారితే వెంటనే తడిగుడ్డతో తుడవండి.
ఈ) ఆరేదాకా బట్ట తగలనివ్వకండి. మీ చేతులు కడుక్కోండి. సీసా పిలకాయలకు అందని చోట పెట్టండి.
ఉ) పొక్కు ఎర్రబడి, పుండులా కాగానే ఆపేయండి. మందు పని చేసిందని అర్థం. ఇంకా రాస్తే కాలుతుంది, మచ్చ పడుతుంది.

కనురెప్పలు, పెదవులు, మర్మాంగాల దగ్గర దీన్ని ఇంట్లో రాయొద్దు. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి పోండి.

ఇమిక్విమోడ్ క్రీము గురించి కూడా అడుగుతారు. ఖరీదైన మందు. పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షల్లో అది మందులేని ఉత్త క్రీముకన్నా మెరుగ్గా పని చేయలేదు. యూట్యూబ్‌లో చూసి కాంథరిడిన్, బెర్డాజిమర్ అనే పేర్లతో వచ్చేవాళ్లూ ఉన్నారు. అవి అమెరికాలో 2023లో ఒకటి, 2024లో ఒకటి అనుమతి పొందిన మందులు. కాంథరిడిన్ అయితే డాక్టరే తన చేత్తో వేయాల్సినది. ఆ పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించే సీసాలు తెప్పించుకోవద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

గిల్లడం. పొక్కు నొక్కితే తెల్లటి ముద్ద బయటికి వస్తుంది, పోయిందిలే అనిపిస్తుంది. దాంతోపాటే వైరస్ కూడా మీ వేళ్లకు, బిడ్డ ఒంటికి అంటుకుంటుంది. సూదితో పొడవడం ఇంకా అధ్వానం, చీము పడి గుంట మచ్చ మిగులుతుంది.

నల్లజీడి, సున్నం, జిల్లేడు పాలు, నూరిన వెల్లుల్లి, అగరుబత్తి. పెద్దవాళ్ల కాళ్ల మీది పులిపిర్లకు చేసే ఈ పనులు పసిచర్మానికి చేయకూడదు. జీడి రసం బొబ్బలెక్కిస్తుంది. జిల్లేడు పాలు చేతికి అంటుకుని కంట్లో పడితే చూపుకే ముప్పు. పొక్కు పోయినా కాలిన మచ్చ జన్మంతా ఉంటుంది. పసుపు రాస్తే పెద్ద నష్టమేమీ లేదు, కానీ రంగు అంటి, పొక్కు ఎర్రబడిందో లేదో తెలియదు.

షాపులో అడిగి తెచ్చుకునే కాంబినేషన్ ట్యూబ్. తామరకు, దురదకు, అన్నిటికీ ఒకటే అని అమ్మే ఈ క్రీముల్లో ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే ఎరుపు, దురద తగ్గి, మందు బ్రహ్మాండంగా పనిచేసిందనుకుంటారు. చర్మం తనను తాను కాపాడుకునే శక్తి అక్కడ తగ్గిపోయి, పొక్కులు మరింత పెరుగుతాయి. చర్మం పలచబడుతుంది కూడా. మా వృత్తిలోవాళ్లు దీన్ని చీటీ లేకుండా ఇవ్వడం తప్పు, మీరు అడగడమూ తప్పే. ఎగ్జిమా ఉన్న బిడ్డకు డాక్టరు ఎంచి రాసిచ్చిన స్టెరాయిడ్ సంగతి వేరు, దాన్ని మీరంతట మీరు ఆపొద్దు.

పులిపిర్ల యాసిడ్ మందు. సాలిసిలిక్ యాసిడ్ ఉండే ఆ సీసాలు అరికాలి దళసరి చర్మానికి ఉద్దేశించినవి. ముఖానికి, చంకకు కాదు.

యాంటీబయాటిక్. ఇది వైరస్. చీము పడితే తప్ప యాంటీబయాటిక్‌తో పని లేదు.

8. తగ్గుతోందో లేదో ఇలా చూడండి

రోజూ చూస్తే ఏమీ తెలియదు, ఆందోళన ఒక్కటే పెరుగుతుంది. 15 రోజులకోసారి, అదే కిటికీ దగ్గర, పొక్కు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. నోటుబుక్కులో తేదీ, ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో రాయండి. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఈ పేజీ చూపిస్తే సగం ప్రశ్నలకు అదే జవాబు.

మొదటి రెండు నెలలు లెక్క పెరిగితే మీ జాగ్రత్తలు పనిచేయలేదని అనుకోవద్దు. వైరస్ అంటుకున్నాక పొక్కు లేవడానికి సాధారణంగా 2 నుంచి 7 వారాలు పడుతుంది, ఒక్కోసారి 6 నెలలు కూడా. ఇప్పుడు లేచేవి మీరు తువ్వాలు వేరు చేయకముందు అంటినవి కావచ్చు. ఆ తర్వాత కూడా కొత్తచోట్ల ఆగకుండా లేస్తుంటే 3, 4 అంశాలు మళ్లీ చదవండి. ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే.

అందరూ భయపడి పరుగెత్తుకొచ్చే ఘట్టం ఇంకొకటి ఉంది. నెలల తరబడి నిమ్మకు నీరెత్తినట్టున్న పొక్కులు ఉన్నట్టుండి ఎర్రబడి, ఉబ్బి, పైన పక్కు కడతాయి. ఇది చాలావరకు మంచి గుర్తే. ఒంట్లోని శక్తి వైరస్ మీద తిరగబడిందని, కొద్దివారాల్లో ఆ పొక్కులు పోతాయని అర్థం. నిజంగా చీము పట్టిందా అన్నది ఇలా తేల్చుకోండి. బిడ్డ హుషారుగా ఆడుకుంటూ, జ్వరం లేకుండా, ఎరుపు ఒక్కో పొక్కు చుట్టూ మాత్రమే ఉంటే కదిలించకండి. ముట్టుకుంటే ఏడ్చేంత నొప్పి, పసుపుపచ్చ చీము, వేడి, గంటగంటకూ వెడల్పయ్యే ఎరుపు, లేదా జ్వరం ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసి, కొన్ని గంటల తర్వాత చూస్తే గీత దాటిందో లేదో తెలుస్తుంది.

పొక్కు పోయిన చోట లేత గులాబీ రంగులోనో, తెల్లగానో గుర్తు మిగులుతుంది. గిల్లకపోతే అది కొన్ని నెలల్లో చర్మంలో కలిసిపోతుంది, క్రీములు అక్కర్లేదు. చివరి పొక్కు కూడా పోయాక వైరస్ ఒంట్లో దాక్కుని ఉండదు. అయితే వేరే బిడ్డ నుంచి మళ్లీ అంటుకునే అవకాశం ఉంది. కాబట్టి ఫొటోల్లో అన్నీ పోయాయని తేలాక కూడా రెండు నెలలు తువ్వాళ్లు వేరుగానే ఉంచి, తమ్ముళ్లు, చెల్లెళ్ల చంకలు, మోకాళ్ల వెనక భాగం నెలకోసారి చూస్తుండండి.